చిరు పేరులో చివరి అక్షరం ఎందుకు ఎగిరిపోయింది: మెలికల ఇంగ్లిష్ అక్షరాలు, లెక్కల గుర్తులు, మధ్యలో యూనికోడ్

మా పిన్ని కొడుకు ఒకడున్నాడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, చిరంజీవి అంటే ప్రాణం. వాడి ఇన్‌స్టా పేరు, గేముల్లో పేరు, వాట్సాప్ పేరు అన్నీ ఒకటే, ఇంగ్లిష్ కాపిటల్స్‌లో "సీ, హెచ్, ఐ, ఆర్, యూ". అదీ మామూలుగా కాదు, పాత జర్మన్ పుస్తకాల్లో ఉండే మెలికలు తిరిగిన నల్లటి అక్షరాల్లో. ఈమధ్య ఏదో కాలేజీ ఫెస్ట్‌కి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ అవుతూ పేరు దగ్గర కూడా అదే పేస్ట్ చేశాడు. తీరా బ్యాడ్జీ చేతికొచ్చాక చూస్తే చివరి యూ లేదు, చిరు కాస్తా చిర్ అయిపోయాడు. మిగతా నాలుగు అక్షరాలూ మెలికలతో సహా భేషుగ్గా ఉన్నాయి. "అన్నా, నాలుగు తీసుకుని ఒక్కటి ఎందుకు మింగింది అది?" అని అడిగాడు.

సరిగ్గా అప్పుడే మా ఫ్రెండ్ వాళ్ల చెల్లెలు, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తోంది, ఇవే అక్షరాలతో ఇంకో తంటా పడుతోంది. క్లాస్ నోట్స్ పీడీఎఫ్‌లోంచి ఒక లైన్ కాపీ చేసి చాట్ గ్రూపులో పెట్టింది, పీడీఎఫ్‌లో రెండు రకాల "జీ"లు ఉంటే గ్రూపులోకి వచ్చేసరికి రెండూ ఒకటే అయిపోయాయి, ఇక ఆ లైన్‌కి అర్థమే లేదు.

వాడికేమో అక్షరం పోయింది, ఈ అమ్మాయికేమో అర్థం పోయింది. కానీ రెండింటికీ మూలం ఒక్కటే చోట ఉంది, అదేంటో మొదట్నుంచీ చూద్దాం.

(ఈ వ్యాసంలో ఆ అక్షరాల్ని "మెలికల జీ", "మెలికల యూ" అని పిలుస్తాను. అసలు పేరు ఫ్రాక్టుర్.)

అక్షరం వేరు, ఫాంట్ వేరు

కంప్యూటర్‌కి అక్షరం కనిపించదు, ఒక నంబర్ కనిపిస్తుంది. ప్రపంచంలో ఉన్న అక్షరాలన్నిటికీ తలా ఒక నంబర్ ఇచ్చే పట్టికే యూనికోడ్. ఆ నంబర్‌ని తెర మీద ఏ ఆకారంలో గీయాలన్నది ఫాంట్ చూసుకుంటుంది. "క" అన్న అక్షరం పెళ్లి శుభలేఖ మీద ఒంపులు తిరిగి ఉన్నా, ఫ్లెక్సీ మీద లావుగా ఉన్నా నంబర్ మాత్రం ఒకటే, అందుకే వెతికితే దొరుకుతుంది.

తెలుగువాళ్లకి ఇది వేరే ఎవరికన్నా బాగా అర్థం కావాలి, ఎందుకంటే దీని ఉల్టా మనం ఏళ్ల తరబడి అనుభవించాం. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కొట్టిన ఫైల్ మీ కంప్యూటర్‌లో తెరిచి చూసుంటారు కదా, ఫాంట్ లేకపోతే ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలిసిన ఏదో పిచ్చిరాత కనిపిస్తుంది. అక్కడ లోపల ఉన్న నంబర్లు తెలుగువి కావు, ఆకారం మాత్రమే తెలుగు. కంటికి తెలుగు, మెషీన్‌కి చెత్త.

మా వాడి ఇన్‌స్టా పేరు కూడా అదే జాతి. కంటికి "చిరు", మెషీన్‌కి మాత్రం ఇంగ్లిష్ సీ, హెచ్‌లతో సంబంధం లేని ఐదు లెక్కల గుర్తులు. వాడు అనుకుంటున్నట్టు అది స్టైలిష్ ఫాంట్ కాదు. "ఫ్యాన్సీ ఫాంట్ జనరేటర్" అని ఉండే సైట్లు, యాప్‌లు ఏవీ ఫాంట్ మార్చవు, మార్చలేవు కూడా, ఎందుకంటే ఇన్‌స్టా బయోలో ఫాంట్ ఎంచుకునే సౌకర్యమే లేదు. అవి చేసేదల్లా మామూలు అక్షరం తీసేసి దాని చోట దాన్ని పోలిన వేరే గుర్తుని పెట్టడం.

మరి ఫాంటే కానప్పుడు, ఒకే అక్షరానికి ఇంకో రూపాన్ని వేరే నంబర్‌తో యూనికోడ్‌లో ఎందుకు పెట్టారు? పెట్టింది ఇన్‌స్టా కోసమైతే కాదు.

జర్మన్ల అక్షరాలు లెక్కల్లోకి ఎలా వచ్చాయి

గూటెన్‌బర్గ్ 1455 ప్రాంతంలో బైబిల్ అచ్చువేసినప్పుడు వాడింది ఈ నల్లటి, కోసుగా ఉండే అక్షరాల కుటుంబమే, దీన్ని మొత్తంగా బ్లాక్‌లెటర్ అంటారు, కొంతమంది గోతిక్ అంటారు. న్యూయార్క్ టైమ్స్ పత్రిక మొదటి పేజీ పైన పేరు చూడండి, ఇప్పటికీ ఆ కుటుంబంలోనే ఉంటుంది. అందులో ఒక శాఖ ఫ్రాక్టుర్, 16వ శతాబ్దం మొదట్లో మాక్సిమిలియన్ చక్రవర్తి కాలంలో పుట్టింది. మిగతా యూరప్ మెల్లగా ఇప్పుడు మనం చదివే గుండ్రటి రోమన్ అక్షరాలకి మారిపోయినా జర్మన్లు మాత్రం వదల్లేదు, పుస్తకాలు, పేపర్లు, బడి వాచకాలు చాలావరకు ఇందులోనే. చివరికి దాన్ని తీసేసింది నాజీ ప్రభుత్వమే, 1941 జనవరి 3న ఒక సర్క్యులర్‌తో, అదీ "ఇవి యూదుల అక్షరాలు" అనే పచ్చి అబద్ధం చెప్పి. ఇప్పుడు సినిమాల్లో నాజీల్ని చూపించాలంటే ఇవే అక్షరాలు వాడతారు, అదో విచిత్రం.

లెక్కల సంగతికొస్తే, 19వ శతాబ్దంలో లెక్కలు ఎక్కువగా కదిలింది జర్మన్ భాషలో. లెక్కలు రాసేవాళ్లకి ఎప్పుడూ ఉండే కరువు అక్షరాల కరువు. ఇంగ్లిష్ చిన్నవి, పెద్దవి అయిపోయాయి, గ్రీకు ఆల్ఫా బీటాలు అయిపోయాయి, ఇంకో కొత్త రకం వస్తువు వచ్చింది, దానికేం పేరు పెట్టాలి? చేతిలో ఉన్నది ఇంటి అక్షరమే. జర్మన్ గణితవేత్త డెడెకిండ్ 1871లో "ఐడియల్" అనే భావాన్ని తెచ్చాడు, ఐడియల్స్‌ని మెలికల అక్షరాలతో రాయడం అలా పాతుకుపోయింది, ఇప్పటికీ ప్రైమ్ ఐడియల్ అంటే మెలికల పీ, మాక్సిమల్ ఐడియల్ అంటే మెలికల ఎమ్. సంఖ్యారేఖ మీద ఉన్న బిందువుల "లెక్క"కి మెలికల సీ. లీ ఆల్జీబ్రాకి మెలికల జీ (స్పెల్లింగ్ చూసి "లై" అంటారు చాలామంది, ఆయన నార్వే మనిషి సోఫుస్ లీ, అబద్ధాలతో పని లేదు).

ఫిజిక్స్‌లోనూ కొన్నాళ్లు నడిచింది. మాక్స్‌వెల్ 1873లో విద్యుదయస్కాంతత్వం మీద రాసిన పెద్ద గ్రంథంలో వెక్టర్లన్నీ ఈ జర్మన్ అక్షరాల్లోనే ఉంటాయి. తర్వాత హెవిసైడ్ అనే శాస్త్రవేత్తకి అవి చదవడం చిరాకేసి వాటి చోట లావు అక్షరాలు పెట్టాడు, ఇవాళ మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో వెక్టర్ లావుగా ఉండడం వెనక ఆ చిరాకు ఉంది. లెక్కలవాళ్లు మాత్రం ఉంచేసుకున్నారు.

నల్లబల్ల మీద ఇవి రాయడం ఎవరికీ సరిగా రాదు, ఆ సంగతి వేరు. లెక్చరర్ మామూలు జీకే తోక దగ్గర ఒక సున్నా చుట్టి "ఇది ఫ్రాక్టుర్ జీ అనుకోండి" అంటారు, క్లాసంతా అనుకుంటుంది.

ఆకారం పోతే అర్థం పోవడం అంటే ఇదీ

ఇప్పుడు ఎమ్మెస్సీ అమ్మాయి లైన్ చూద్దాం. పెద్ద జీ అనేది ఒక గ్రూప్, ఉదాహరణకి మూడు కొలతల స్థలంలో మనం చేయగలిగే తిప్పుళ్లన్నీ (రొటేషన్లు) కలిపి ఒక గ్రూప్. చిన్న జీ అంటే అందులో ఒక్క తిప్పుడు. మెలికల జీ అంటే ఆ గ్రూప్‌కి చెందిన లీ ఆల్జీబ్రా, ఇక్కడైతే తిరగేసి రాస్తే (అడ్డు వరసల్ని నిలువు వరసలు చేస్తే) మైనస్ వచ్చే 3×3 మాట్రిక్సులన్నీ.

ఇవి మూడూ ఎంత వేరో చూడాలంటే చిన్న పరీక్ష చాలు. ఏమీ తిప్పకపోవడం కూడా ఒక తిప్పుడే కాబట్టి ఐడెంటిటీ మాట్రిక్స్ పెద్ద జీలో ఉంటుంది, మెలికల జీలో ఉండదు, ఎందుకంటే దాన్ని తిరగేస్తే మైనస్ రాదు, అదే వస్తుంది. అన్నీ సున్నాలున్న మాట్రిక్స్ మెలికల జీలో ఉంటుంది, పెద్ద జీలో ఉండదు, అది తిప్పుడు కాదు, అన్నిటినీ నలిపి చుక్క చేసేస్తుంది.

పీడీఎఫ్‌లో ఉన్న లైన్ ఇది:

ఆడ్ (అడుగున చిన్న జీ) : మెలికల జీ → మెలికల జీ

అంటే "ఒక తిప్పుడు తీసుకుంటే, దాని వల్ల లీ ఆల్జీబ్రాలోంచి లీ ఆల్జీబ్రాలోకే ఒక మ్యాపింగ్ వస్తుంది". చాట్ గ్రూపులో పేస్ట్ అయ్యింది ఇది:

ఆడ్ (అడుగున జీ) : జీ → జీ

ఒక తిప్పుడులోంచి అదే తిప్పుడులోకి మ్యాపింగ్? దీనికి తలాతోకా లేదు. పీడీఎఫ్‌లో మెలికల జీ లోపల మామూలు జీయే, పైన ఫాంట్ మాత్రం వేరేది తొడిగారు. లేటెక్‌లో (లెక్కల రాతల్ని అచ్చుకి సిద్ధం చేసే సాఫ్ట్‌వేర్) పాత పద్ధతి ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌ల్లో ఇది చాలా మామూలు. కాపీ చేసినప్పుడు చొక్కా అక్కడే ఉండిపోయి మనిషి ఒక్కడే వచ్చాడు.

యూనికోడ్ వాళ్ల సొంత ఉదాహరణ కూడా ఇలాంటిదే. ఫిజిక్స్‌లో హామిల్టోనియన్‌ని (మొత్తం శక్తిని) చేతిరాత స్టైల్ హెచ్‌తో, అయస్కాంత క్షేత్రాన్ని మామూలు వాలు హెచ్‌తో రాస్తారు, రెండూ ఒకే సమీకరణంలో వస్తాయి. స్టైల్ పోతే ఎడమవైపు హెచ్, కుడివైపు ఇంటిగ్రల్ లోపల హెచ్ ఒకటే అయిపోయి, శక్తికి ఇచ్చిన మామూలు సూత్రం కాస్తా హెచ్ ఎంతో కనుక్కోమని అడిగే ఇంటిగ్రల్ ఈక్వేషన్‌లా కనిపిస్తుంది.

మామూలు రాతలో అయితే ఇలా జరగదు. "చిరు"ని ఏ ఫాంట్‌లో రాసినా చిరునే, లెక్కల్లో మాత్రం మెలిక తీస్తే వేరే వస్తువు అవుతుంది. ఈ ఒక్క తేడా ఆధారంగానే ఇవి యూనికోడ్‌లోకి వచ్చాయి.

2001లో ఏం చేశారు

సైన్స్ పత్రికలు వేసే సంఘాలు, ప్రచురణకర్తలు కొందరు కలిసి స్టిక్స్ అనే ప్రాజెక్టు పెట్టుకుని, లెక్కలకి కావాల్సిన గుర్తులన్నీ పట్టికలో ఉండాలని యూనికోడ్‌ని అడిగారు. 2001 మార్చిలో వచ్చిన యూనికోడ్ 3.1లో వాటికి ఒక పెద్ద గది కట్టారు, మొత్తం 1024 గడులు. ఇంగ్లిష్ అక్షరాలకి అందులో 13 స్టైళ్లు ఉన్నాయి, లావు, వాలు, చేతిరాత, జంటగీతలు, టైప్‌రైటర్ లాంటివన్నీ, వాటిలో రెండు ఫ్రాక్టుర్‌వి, ఒకటి మామూలుది, ఒకటి లావుది. గదికి పెట్టిన పేరులోనే "మ్యాథమెటికల్" అని ఉంది, వీటితో మామూలు మాటలు రాయొద్దని యూనికోడ్ వాళ్లు అప్పట్నుంచీ చెబుతూనే ఉన్నారు.

పాత జర్మన్ పుస్తకాన్ని టైప్ చేయడానికి కూడా ఇవి పనికిరావు. జర్మన్‌కి కావాల్సిన చుక్కల అచ్చులు ఇందులో లేవు, ఫ్రాక్టుర్‌లో తప్పనిసరైన పొడుగు ఎస్ లేదు, "సీహెచ్", "సీకే" జంటలు అతికించే ఏర్పాటు లేదు. ఆ పుస్తకాలకి మామూలు అక్షరాలు కొట్టి ఫ్రాక్టుర్ ఫాంట్ వేయడమే పద్ధతి. అంటే జర్మన్‌కి ఫ్రాక్టుర్ అంటే ఫాంట్, లెక్కలకి ఫ్రాక్టుర్ అంటే అక్షరం.

చిరు పేరే ఎందుకు తేడా కొట్టింది

ఫ్రాక్టుర్ కాపిటల్స్ వరస 1డి504 అనే నంబర్ దగ్గర మొదలవుతుంది (ఇవి పదికి బదులు పదహారుతో లెక్కపెట్టే పద్ధతిలో ఉంటాయి, అందులో 9 తర్వాత ఏ నుంచి ఎఫ్ దాకా కూడా అంకెలే, అందుకే మధ్యలో డి). అక్కడ ఏ, 1డి505లో బీ. 1డి506లో సీ ఉండాలి కదా, అక్కడ ఖాళీ! మళ్లీ 1డి507లో డీ. అలా వరసలో మొత్తం ఐదు చిల్లులున్నాయి: సీ, హెచ్, ఐ, ఆర్, జెడ్.

కారణం ఏంటంటే ఈ ఐదూ 2001కి ముందే యూనికోడ్‌లో వేరే చోట ఉన్నాయి, "అక్షరాల్లాంటి గుర్తులు" అనే పాత పెట్టెలో. కాంప్లెక్స్ సంఖ్యల్లో రియల్ భాగానికి మెలికల ఆర్, ఇమాజినరీ భాగానికి మెలికల ఐ వాడడం అంతకుముందే అలవాటు. ఉన్నదానికి మళ్లీ ఇంకో నంబర్ ఇస్తే ఒకే గుర్తుకి రెండు చిరునామాలు అవుతాయి కాబట్టి ఇవ్వలేదు, గడి ఖాళీగా వదిలేశారు. పేర్లు కూడా రెండు రకాలు, పాత పెట్టెలోవి "బ్లాక్‌లెటర్ కాపిటల్ సీ" అని, కొత్త గదిలోవి "మ్యాథమెటికల్ ఫ్రాక్టుర్ కాపిటల్ యూ" అని.

ఇప్పుడు "సీ, హెచ్, ఐ, ఆర్, యూ" చూడండి. ఐదు చిల్లుల్లో నాలుగు ఈ ఒక్క పేరులోనే, అదీ వరసగా! ఏ కొత్త ప్రోగ్రామరో "ఏ నంబర్‌కి ఇంత కలిపితే మెలికల ఏ వస్తుంది, అన్నిటికీ అంతే కలిపేద్దాం" అని జనరేటర్ రాస్తే చిరుకి నాలుగు ఖాళీ డబ్బాలు, చివర్లో ఒక్క యూ వస్తుంది. వేరే ఏ హీరో ఫ్యాన్‌కీ ఈ కష్టం ఇంతగా ఉండదు.

మా వాడికి జరిగింది దీని ఉల్టా, నాలుగు ఉన్నాయి, యూ పోయింది. ఎందుకంటే వాడు వాడిన జనరేటర్ సరైనదే, చిల్లుల చోట పాత పెట్టెలోంచి తెచ్చి పెట్టింది. గొడవ ఇంకో చోట ఉంది. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచేటప్పుడు మామూలు ఇంగ్లిష్ అక్షరానికి 1 బైట్, తెలుగు అక్షరానికి 3 బైట్లు పడుతుంది. పాత పెట్టెలో ఉన్న సీ, హెచ్, ఐ, ఆర్‌లకి కూడా తలా 3. కొత్త గది మాత్రం పట్టికలో చాలా దూరంగా ఉంది కాబట్టి అక్కడున్న యూకి 4. అంటే మామూలుగా 5 బైట్లలో సరిపోయే పేరుకి 3+3+3+3+4, మొత్తం 16.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో "యూటీఎఫ్8" అని చాలా ఏళ్లు పిలిచిన పద్ధతి అక్షరానికి 3 బైట్ల దాకానే తీసుకునేది. 4 బైట్ల అక్షరం వస్తే, సెట్టింగ్ కఠినంగా ఉంటే తప్పు అని చెప్పి ఆపుతుంది, వదులుగా ఉంటే ఆ అక్షరం దగ్గర కత్తిరించి దానికి ముందున్నది మాత్రం నోరు మూసుకుని దాచేస్తుంది. 4 బైట్లు తీసుకునే పద్ధతి 2010లో 5.5.3 వెర్షన్‌తో వచ్చింది, 2018లో వచ్చిన 8.0 నుంచి అదే డిఫాల్ట్, కానీ ఎప్పుడో కట్టిన టేబుళ్లు అలాగే ఉండిపోయిన సైట్లు బోలెడు. ఆ ఫెస్ట్ సైట్ లోపల ఏముందో నేను చూడలేదు, కానీ 3 బైట్లవి నాలుగూ బతికి 4 బైట్లది ఒక్కటే పోవడం చూస్తే జరిగింది ఇదేనని నా నమ్మకం. ఎమోజీలు కూడా ఆ దూరపు ప్రాంతంలోనే ఎక్కువ ఉంటాయి కాబట్టి అప్పట్లో ఎమోజీ పెడితే మెసేజ్ సగంలో తెగిపోయేది, అదీ ఇదే జబ్బు.

మెలికలు విప్పే మెషీన్లు

ప్రతి మెలికల అక్షరం పక్కన యూనికోడ్ ఒక చీటీ అంటించింది: "ఇది ఫలానా మామూలు అక్షరానికి ఫాంట్ మారిన రూపం" అని. ఆ చీటీ చదివి అన్నిటినీ మామూలు అక్షరాలుగా మార్చేసే ఒక పద్ధతి ఉంది, దాని పేరు ఎన్ఎఫ్‌కేసీ. ఇంకో పద్ధతి ఉంది, ఎన్ఎఫ్‌సీ, అది ఈ చీటీలు పట్టించుకోదు, మెలికలు అలాగే ఉంచుతుంది.

ఎవరు ఏది వాడతారన్నదాన్ని బట్టి ఒకే అక్షరం ఒక్కో చోట ఒక్కోలా ప్రవర్తిస్తుంది. పైథాన్‌లో మెలికల ఎక్స్ అని వేరియబుల్ పెట్టి అందులో 5 వేసి, తర్వాత మామూలు ఎక్స్‌ని ప్రింట్ చేయమంటే 5 వస్తుంది, ఎందుకంటే పైథాన్ పేర్లని ఎన్ఎఫ్‌కేసీ చేసి చూస్తుంది. జావాస్క్రిప్ట్ చేయదు, అక్కడ అవి రెండు వేరే వేరియబుల్స్. బ్రౌజర్ అడ్రస్ బార్‌లో సైట్ పేరు మెలికల్లో కొడితే మామూలు అక్షరాల సైట్‌కే వెళ్తుంది. సెర్చ్ సంగతి మాత్రం చెప్పలేం, కొన్ని ప్రోగ్రాములు మెలిక విప్పి వెతుకుతాయి, కొన్ని విప్పవు. మా వాడి పేరు కొంతమందికి దొరికి కొంతమందికి దొరకకపోవడం వెనక ఉన్న రహస్యం ఇంతే.

"అయితే అందరూ ఎన్ఎఫ్‌కేసీ చేసేస్తే పోలా?" అనిపిస్తుంది. పేర్లకి, పాస్‌వర్డ్ పక్కన యూజర్ ఐడీలకి, స్పామ్ ఫిల్టర్లకి అది మంచి మందే. "లాటరీ" అనే మాటని మెలికల్లో రాసి ఫిల్టర్ కన్నుగప్పేవాళ్లని అదే పట్టిస్తుంది. కానీ లెక్కల మీద ప్రయోగిస్తే ఘోరం. రెండు మీద చిన్నగా పైన ఐదు ఉంటే రెండు పవర్ ఐదు, అంటే 32. ఎన్ఎఫ్‌కేసీ ఆ పైన ఉన్న ఐదుని కిందకి దింపేస్తుంది, 25 అయి కూర్చుంటుంది. మెలికల జీ మామూలు జీ అయిపోతుంది, ఎమ్మెస్సీ అమ్మాయి కథ మళ్లీ మొదలు. పేరుకి మందైనది సూత్రానికి విషం, ఏది పేరో ఏది సూత్రమో మెషీన్‌కి తెలియదు, దానికి రెండు చోట్లా కనిపించేది అదే నంబర్.

చెవితో చదివేవాళ్లకి

చూపు లేనివాళ్లు ఫోన్‌ని స్క్రీన్ రీడర్‌తో వింటారు. మెలికల పేరు వస్తే అది ఏం చేస్తుందనేది సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఉంటుంది. కొన్ని మెలిక విప్పి మామూలుగా చదువుతాయి, కొన్ని ఒక్క మాట కూడా మాట్లాడకుండా దాటేస్తాయి, కొన్ని "బ్లాక్‌లెటర్ కాపిటల్ సీ, బ్లాక్‌లెటర్ కాపిటల్ హెచ్..." అని మొదలుపెట్టి "మ్యాథమెటికల్ ఫ్రాక్టుర్ కాపిటల్ యూ" దాకా చదువుతాయి. రెండు సెకన్ల పేరు ఒక పేరాగ్రాఫ్ అవుతుంది. బయో మొత్తం ఇలా ఉంటే వినేవాడి పరిస్థితి ఊహించుకోండి.

అదే లెక్కల పాఠంలో అయితే "ఫ్రాక్టుర్ జీ" అని చదవడమే కావాలి! అక్కడ ఉత్త "జీ" అంటే తప్పు విన్నట్టు.

తప్పు ఎవరిది అనే వాదన

ఒక వర్గం అనేది, అసలు వీటికి నంబర్లు ఇవ్వడమే తప్పు. మెలిక అనేది అలంకారం, అలంకారం మార్కప్‌లో ఉండాలి, అంటే "ఈ జీని ఫ్రాక్టుర్‌లో చూపించు" అని పక్కన ఆదేశం రాయాలి తప్ప కొత్త అక్షరం పుట్టించకూడదు. లేటెక్‌లో జరిగేది అదే, ఫ్రాక్టుర్ ఆదేశం ఇచ్చి జీ కొడతారు. నంబర్లు ఇవ్వడం మొదలెడితే అంతు ఎక్కడ, 13 స్టైళ్లే ఎందుకు, 14వది ఏం పాపం చేసింది? ఈ ప్రశ్నకి యూనికోడ్ ఇచ్చే జవాబు, లెక్కల్లో నిజంగా వేరే అర్థంతో వాడుతున్నట్టు రుజువు ఉంటేనే ఇస్తాం అని. అరబిక్‌లో లెక్కలు రాసేవాళ్లు అలాంటి రుజువు చూపించారు, 2012లో 6.1 వెర్షన్‌లో వాళ్ల లెక్కల అక్షరాలు, గుర్తులు కలిపి 143 చేరాయి.

రెండో వర్గం ఏమంటుందంటే, మార్కప్ దారిలో ఊడిపోతుంది. కాపీ పేస్ట్‌లో, ఈమెయిల్ సబ్జెక్ట్‌లో, వాట్సాప్‌లో ఆదేశం మిగలదు, అక్షరం ఒక్కటే మిగులుతుంది, అర్థం అక్షరంలో ఉంటే తప్ప బతకదు. ఎమ్మెస్సీ అమ్మాయి లైనే వీళ్ల సాక్ష్యం.

ఈ గొడవలో ఒక మలుపు ఉంది, చాలామంది గమనించలేదు. వెబ్‌లో సమీకరణాలు రాసే మ్యాథ్ఎమ్ఎల్‌లో ఒకప్పుడు మార్కప్ దారి ఉండేది, మామూలు జీ రాసి "ఫ్రాక్టుర్" అని గుణం తగిలించొచ్చు. 2023 జనవరిలో క్రోమ్ 109తో వచ్చిన కొత్త, చిన్నచేసిన మ్యాథ్ఎమ్ఎల్ కోర్‌లో ఆ గుణం ఎగిరిపోయింది, ఫ్రాక్టుర్ కావాలంటే యూనికోడ్ మెలికల అక్షరమే నేరుగా పెట్టుకోండి అన్నారు. అంటే బ్రౌజర్లలో రెండో వర్గమే నెగ్గింది, నాకైతే అది సబబుగానే అనిపిస్తుంది.

ఇక మూడో వర్గం మా వాడి లాంటివాళ్లు, వీళ్లని ఎవరూ అడగలేదు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది. యాప్‌లో లావు అక్షరాలకి ఒక బటన్ లేదు, రంగు లేదు, అందరి పేరూ ఒకేలా ఉంటుంది, కొంచెం వేరేగా కనిపించాలంటే ఉన్న దారి ఇదొక్కటే. చూపు లేనివాళ్లకి ఇబ్బంది అని తెలిస్తే చాలామంది మానేస్తారు, తెలియకే చేస్తారు. కానీ "లెక్కల గుర్తుల్ని పాడుచేస్తున్నారు" అని వాళ్లని తిట్టడం నాకు ఎక్కువనిపిస్తుంది, కనీసం ఆ బటన్ ఇవ్వని యాప్‌ల్ని ముందు అడగాలి.

తెలుగులో ఇలాంటివి ఎందుకు లేవు, ఉన్నవేంటి

"తెలుగు ఫ్యాన్సీ జనరేటర్ ఎందుకు లేదన్నా" అని కూడా అడిగాడు వాడు. తెలుగు అక్షరాల్ని స్టైల్ మార్చి వేరే అర్థంతో లెక్కల్లో వాడే అలవాటు లేదు, మనం కూడా సమీకరణాలు ఎక్స్, వైలతోనే రాస్తాం, కాబట్టి యూనికోడ్‌లో మెలికల "క" లేదు. ఉన్నా కుదరదు, ఇంగ్లిష్‌లో అక్షరం తీసి అక్షరం పెడితే సరిపోతుంది, తెలుగులో గుణింతాలు, వత్తులు ముందు అక్షరానికి అతుక్కోవాలి.

అయితే తెలుగు గదిలో లెక్కల గుర్తులు అసలు లేవనుకుంటే పొరపాటు. 0సి78 నుంచి 0సి7ఇ దాకా ఏడు గడుల్లో మన పాత భిన్నాల అంకెలు ఉన్నాయి, 2008లో 5.1 వెర్షన్‌తో వచ్చాయి. మన పెద్దలు భిన్నాల్ని నాలుగేసి వంతులుగా కోసుకుంటూ పోయేవాళ్లు, ఒకటిలో నాలుగో వంతు పావు, పావులో నాలుగో వంతు వీసం. ఒక నిలువు గీత గీస్తే ౹ పావు. అదే గీతని పడుకోబెడితే ౼ వీసం, అంటే పదహారో వంతు. రెండు నిలువు గీతలు అర, మూడు ముప్పావు, రెండు అడ్డ గీతలు రెండు వీసాలు.

వాడికి ఇది చూపిస్తే కాసేపు ఆ రెండు గీతల వంక చూసి, "నిలబడితే నాలుగు రెట్లు ఎక్కువా!" అన్నాడు. సాయంత్రానికి ఇన్‌స్టాలో పేరు చివర ౹ చేరింది. సీ, హెచ్, ఐ, ఆర్, యూ మాత్రం మెలికల్లోనే ఉన్నాయి.